నొప్పి బిళ్ళ పురాణం

'వేదన' అన్న మాట సంస్కృతంలో 'విద్' ధాతువు నుండి పుట్టింది. వేదము, విద్య, విద్వాంసుడు, వేదన - ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే. విద్ అంటే తెలియుట. కనుక వేదన అంటే మొదట తెలియడమే; బాధ అన్న అర్థం ఆ వెనుక స్థిరపడింది. తరగతిలో ఈ వ్యుత్పత్తి చెప్పినప్పుడల్లా వెనుక బల్లలో ఎవరో ఒకరు లేచి "అయితే పంటినొప్పి కూడా విద్యేనా సార్?" అని అడిగేవారు. విద్యే మరి. పన్ను పుచ్చిందన్న సంగతి మనకు తెలియజేసేది అదే గదా.

ఆ తెలివిని కాసేపు మరుగుపరచే ఒక బిళ్ళ చరిత్రను ఈ టపాలో వ్రాయదలచినాను. నేను వైద్యుడను కాను, తెలుగు పండితుడను. కాని మా నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో గత ముప్ఫై ఏళ్ళలో బియ్యం, ఉప్పు తరువాత ఇంటింటికీ చేరిన వస్తువు ఏదైనా ఉంటే అది ఈ బిళ్ళే అనిపించి, దాని పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. రాజుల చరిత్రలు వ్రాసేవారు చాలామంది ఉన్నారు. బిళ్ళల చరిత్రకు ఒక ముసలి అయ్యవారు చాలు.

నంద్యాలలో ఏ మందుల అంగడి ముందైనా పది నిమిషాలు నిలబడండి. "అన్నా, నొప్పులకు రెండు బిళ్ళలియ్యి" అన్న మాట తప్పక వినబడుతుంది. అంగడివాడు కత్తెర తీసుకొని పట్టీలో రెండు బిళ్ళల మేరకు కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక అచ్చయిన ముక్క చాలాసార్లు అంగడిలోనే మిగిలిపోతుంది. కొన్నవాని చేతికి వచ్చేది పేరు లేని బిళ్ళ. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు 'నొప్పుల బిళ్ళ'. అసలు పేరు ఎక్కువ సందర్భాలలో డైక్లోఫెనాక్, లేదా దాని చెల్లెలు ఎసెక్లోఫెనాక్. వోవెరాన్ అంటే చాలామందికి గుర్తుకు రావచ్చును.

డైక్లోఫెనాక్ అన్న పేరు చెవికి మోటుగా ఉన్నా వ్యాకరణం తెలిసినవానికి ముచ్చటగొలిపే సమాసం. 'డై' అంటే రెండు, 'క్లో' అంటే క్లోరిన్, 'ఫెన్' అంటే ఫినైల్ వలయం, చివరి 'ఎక్' ఎసిటిక్ ఆమ్లానికి గుర్తు. రెండు క్లోరిన్ పరమాణువులు ఒక వలయాన్ని మెలిదిప్పి పట్టుకొనేటట్లు దీనిని నిర్మించారు. ఆ మెలికలోనే దీని బలమంతా ఉన్నదట. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో, తరువాత సీబా-గైగీగా ప్రసిద్ధమైన సంస్థలో, ఆల్ఫ్రెడ్ సాల్‌మన్, రుడాల్ఫ్ ఫిస్టర్ అనే రసాయనికులు 1960లలో దీనిని తయారుచేశారు. మొదట అమ్మకానికి వచ్చింది 1974లో, జపానులో.

దీనికి పెద్దలు లేకపోలేదు. విల్లో చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తున్నదని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. ఆ బెరడులోని సారానికి దగ్గరి చుట్టమైన ఆస్పిరిన్‌ను జర్మనీలో బేయర్ సంస్థ 1899లో మార్కెట్టులోకి తెచ్చింది. 1960లలో ఇంగ్లండులో ఐబుప్రొఫెన్ వచ్చింది. మనకూ వావిలాకు కాపడం, ఇసుక మూట, ఆముదం, పసుపు పట్టు ఉండనే ఉన్నాయి. వాటిని గురించి ఇంకొకసారి వ్రాస్తాను. అదొక పెద్ద కథ.

విచిత్రమేమంటే ఈ మందు పుట్టేనాటికి ఇది ఎట్లా పనిచేస్తుందో దానిని పుట్టించినవారితో సహా ఎవరికీ స్పష్టంగా తెలియదు. 1971లో జాన్ వేన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆస్పిరిన్ వంటి మందులన్నీ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతున్నాయని నిరూపించాడు. 1982లో ఆయనకు, మరి ఇద్దరు స్వీడను శాస్త్రజ్ఞులకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. దెబ్బ తగిలినచోట వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలిగించడంలో ఈ ప్రోస్టాగ్లాండిన్లది పెద్ద చేయి. అంతవరకు వింటే ఇవి దుష్టుల జాబితాలోనివే అనిపిస్తుంది. కాని కడుపులో ఆమ్లం పేగును తినకుండా లోపలిగోడకు జిగురుపూత పూయించేవి ఇవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు పోయే సన్నని రక్తనాళాలను తెరచి ఉంచేవీ ఇవే. అంటే ఊరిలో అల్లరి చేసేవాడూ, రాత్రి కావలి కాసేవాడూ ఒక్కడే. వాని కాళ్ళు చేతులు కట్టివేస్తే అల్లరి ఆగుతుంది, కావలి కూడా ఆగుతుంది. ఈ బిళ్ళ మంచి చెడ్డలన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానమే.

ఇక ఇది మన ఊళ్ళకు ఎట్లా చేరింది? 1970 పేటెంటు చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 2005 వరకు మందుకు కాక, మందు చేసే పద్ధతికి మాత్రమే మన దేశంలో పేటెంటు ఉండేది. పద్ధతి మార్చి చేసుకుంటే తప్పు ఉండేది కాదు. హైదరాబాదు బాలానగర్‌లోని ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. రసాయనికులకు ఒక పాఠశాల అయింది. అందులో పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు ఆయన. మన ఇండ్లలో వాపులకు పట్టువేసే పసుపు పండించే ఇంటినుండి వచ్చినాయన సంస్థ 1987లో ఐబుప్రొఫెన్ ముడిసరుకుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందడం నాకు ఎందుకో నచ్చిన విషయం. ఆ దారిలో వందల కంపెనీలు వచ్చాయి. నొప్పి మందుల ధర నేలకు దిగింది. 2022లో ఆ వోవెరాన్‌నే భారతదేశంలో అమ్మే బాధ్యతను నోవార్టిస్ డాక్టర్ రెడ్డీస్‌కు అప్పగించింది. బాసెల్‌లో పుట్టిన బిళ్ళ చివరికి హైదరాబాదు చేతికి వచ్చింది.

అయినా బిళ్ళ అంగళ్ళలో ఉండడం వేరు, ఇంట్లో గూటిలో ఉండడం వేరు. మా ప్రాంతంలో ఆ రెండవది జరిగింది 2006లో అని నా అభిప్రాయం.

2005 చివర మన రాష్ట్రంలో చికున్‌గున్యా బయటపడింది. 1973 తరువాత దేశంలో పెద్దగా కనబడని జబ్బు అది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలను 2006లో ఊపివేసింది. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఆ యేడు దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. లెక్కకు రానివి ఎన్నో. మావాళ్ళు దానిని 'చికెన్ గున్యా' అన్నారు. కోడికూరకు, దానికి ఏ సంబంధమూ లేదు. ఆఫ్రికాలో టాంజానియా దేశపు మకోండే భాషలో 'వంగిపోవునట్లు చేయునది' అని ఆ మాటకు అర్థం. ఇంత ఖచ్చితమైన రోగనామం నేను ఇంకొకటి చూడలేదు. నిన్నటిదాకా నాగలి పట్టినవాడు గోడ పట్టుకొని నడిచాడు. మా బడిలో సుద్దముక్క పట్టుకోలేని ఉపాధ్యాయులుండిరి. ప్రార్థనకు పిల్లలు సగం మంది రాలేదు. వచ్చినవారిలోనూ కొందరు నేలమీద కూర్చుంటే లేవలేకపోయేవారు.

జ్వరం మూడు నాలుగు రోజులకు తగ్గేది. కీళ్ళనొప్పి మాత్రం నెలల తరబడి నిలిచేది. ఆ రోగానికి ప్రత్యేకమైన మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుచేత ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు అరుగు మీద సాయంత్రానికి యాభైమంది చేరేవారు. పిరుదుకు ఒక సూది, చేతికి ఆరు బిళ్ళలు. సూది వేసిన అరగంటకు వంగినవాడు లేచి నిలబడేవాడు. ఆ అద్భుతాన్ని కన్నులారా చూసినవానికి ఇక ఎవరు ఏమి చెప్పినా ఎక్కదు. రోగం పోయింది. అలవాటు నిలిచింది. నాట్లు వేసినందుకు నడుమునొప్పికి, బండి ఎక్కి వచ్చినందుకు ఒళ్ళునొప్పికి, ఆఖరుకు నిద్ర పట్టనందుకు కూడా అదే బిళ్ళ.

సరిగ్గా అదే 2006 మే నెలలో ఢిల్లీనుండి ఒక ఉత్తర్వు బయలుదేరింది. పశువులకు డైక్లోఫెనాక్ వాడరాదని. మా తాలూకాలలో ఇంటింటికీ ఈ మందు చేరుతున్న నెలలలోనే దొడ్డిలోని ఎద్దుకు అది నిషిద్ధమైంది. దాని వెనుక కథ రాబందులది.

గ్రద్ద అన్న తెలుగు మాట సంస్కృత 'గృధ్ర' శబ్దానికి వికృతి. గృధ్రమంటే నిజానికి రాబందే. అర్థం మెల్లగా జరిగి గద్ద వేరు, రాబందు వేరు అయినాయి. మన పక్కనున్న అహోబిలం కొండలలో ఒకదాని పేరు గరుడాద్రి. గరుత్మంతుడు అక్కడ తపస్సు చేసినాడని స్థలపురాణం. ఆయన అన్న అనూరుని కొడుకులు సంపాతి, జటాయువు. ఈ వంశవృక్షం చెప్పడం పండితుని చాదస్తమే అనుకోండి, కాని మా చిన్నతనంలో, అంటే 1960ల చివరా 70లలోనూ, ఊరి బయట చచ్చిన గొడ్డును పడవేసిన చోట ఆ వంశంవారిని మేము రోజూ చూసేవాళ్ళం. మెడమీద ఈకలు లేని, నడుము వంగిన పెద్ద పక్షులు. ఎద్దు కళేబరం మధ్యాహ్నానికి ఎముకల గూడయ్యేది. కంపు ఉండేది కాదు. మేము రాళ్ళు వేసినా అవి లక్ష్యపెట్టేవి కావు. మా పెద్దలకు ఆ పక్షి అంటే అశుభం. ఇంటిమీద వాలితే శాంతి చేయించేవారు.

ఆ పక్షులు ఎప్పుడు మాయమైనాయో ఎవరూ తేదీ వేసుకోలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షికేంద్రంలో 1990ల చివర విభు ప్రకాశ్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కలు వేసి చూసినప్పుడు దేశానికి తెలిసింది. తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 లోపల నూటికి 99.9 వంతులు తగ్గిపోయాయి. అంటే వేయింటికి ఒకటి మిగిలింది. మొదట ఏదో అంటురోగమన్నారు. పాకిస్తాన్‌లోని పంజాబులో లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు చచ్చిన పక్షులను కోసి చూస్తే గుండె, కాలేయం మీద సున్నం చల్లినట్లు తెల్లని పొర. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పనిచేయక అది లోపలే పేరుకొన్నది. ఆ పక్షులలో డైక్లోఫెనాక్ ఆనవాలు ఉన్నది, వేరే కారణంతో చచ్చినవాటిలో లేదు. 2004లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో వచ్చింది. 1990లలో పశువులకు ఈ మందు చౌకగా దొరకడం మొదలైంది. కుంటే ఎద్దుకు, పొదుగువాపు ఆవుకు రైతు ప్రేమతోనే వేయించినాడు. ఎద్దు చచ్చినా మందు మాంసంలో మిగిలింది. నూరు కళేబరాలలో ఒక్కదానికంటె తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా జాతి జాతి నశించడానికి చాలునని లెక్క కట్టారు.

పక్షి పోతే పోయింది, మనకేమని అనుకొనేవారికి ఒక మాట. రాబందులు లేని చోట కళేబరాలు కుళ్ళి, కుక్కలు పెరిగి, నీళ్ళు చెడి, 2000-2005 మధ్య దేశంలో సుమారు 5 లక్షల అదనపు మానవ మరణాలు సంభవించి ఉంటాయని ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో ఒక అంచనా ప్రకటించారు. అంచనా అంచనాయే. సగానికి తగ్గించుకొని చదివినా గుండె ఝల్లుమంటుంది.

పశువులకు నిషేధించిన తరువాత ఏమైంది? మనుషుల కోసం చేసిన 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు పశువుల కొట్టాలకు చేరాయి. మనిషికి ఒక మోతాదు 3 మిల్లీలీటర్లు. పదిమందికి సరిపడే సీసా ఏ మనిషికి? 2015 జూలైలో ఒక్క మోతాదుకు మించిన సీసాలను నిషేధించారు. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి; 2017లో మద్రాసు హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. ఎసెక్లోఫెనాక్ పశువు ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది గనుక దానిని, కీటోప్రొఫెన్‌ను 2023లో, నిమెసులైడ్‌ను 2024 డిసెంబరులో పశువులకు నిషేధించారు. వాటికి బదులు రాబందుకు హాని చేయని మెలోక్సికామ్ ఉన్నది. పశువైద్యుని అడిగి అదే వేయించవచ్చును.

"పక్షికి విషమైనంత మాత్రాన మనిషికీ విషమా?" అని మిత్రులెవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కాదు. పక్షి మూత్రపిండం వేరు, మన మూత్రపిండం వేరు. మనిషికి ఇది నిషిద్ధం కాలేదు, కానక్కరలేదు కూడా. కీళ్ళవాతానికి, ఆపరేషన్ తరువాతి నొప్పికి, మూత్రంలో రాయి కదిలినప్పటి ప్రాణాంతకమైన నొప్పికి ఇది ఇచ్చే ఉపశమనం చిన్నది కాదు. ఇక్కడ నేను చెప్పేది వేరు. రాబందుకు ఎక్కడ దెబ్బ తగిలిందో, మనకూ ఈ మందు దెబ్బకొట్టే చోట్లలో అదొకటి.

మా ప్రాంతపు పనులు, మా ప్రాంతపు ఎండలు కలిపి చూడండి. ఆళ్ళగడ్డ శిల్పాలకు దేశవిదేశాలలో పేరు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దేవతామూర్తి కన్ను తెరిపించే శిల్పి పగలంతా బాసిపట్టు వేసుకొని సుత్తి ఎత్తుతూనే ఉంటాడు. భుజం, మణికట్టు, నడుము. కర్నూలు-కడప కాలువ కింద వరినాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దుటినుండి సాయంత్రం దాకా వంగిన నడుము ఎత్తరు. వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో నంద్యాల పేరు తరచుగా కనబడుతుంది. చెమట ధారగా పోతుంది, నీళ్ళు తగినంత తాగరు. అప్పుడే మూత్రపిండాలు ఆ ప్రోస్టాగ్లాండిన్ల మీద ఆధారపడి రక్తం తెచ్చుకుంటూ ఉంటాయి. అప్పుడే మనం బిళ్ళ వేసుకొని ఆ కావలివానిని కట్టివేస్తాము.

నాకు తెలిసిన ఒక శిల్పి ఉన్నాడు. యాభై దాటినవాడు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున నాలుగేళ్ళు వాడినాడు. "బిళ్ళ ఏసుకోకుంటే ఉలి చేతిలో నిలబడదు సార్, ఏం చేసేది?" అనేవాడు. రక్తపోటుకు వేరే బిళ్ళ ఉంది. ఒక మే నెలలో రెండు రోజులు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు కూడా నొప్పి బిళ్ళ మానలేదు. నాలుగవ రోజుకు పాదాలు ఉబ్బి, మూత్రం తగ్గి కర్నూలుకు తీసుకొనిపోయారు. క్రియాటినిన్ 4 దాటింది. అక్కడి వైద్యుడు తప్పంతా బిళ్ళ మీద వేయలేదు. రక్తపోటు, ఎండ, ఒంట్లో నీరు పోవడం, అన్నీ కలిసినాయన్నాడు. కాని మొదట ఆపించినది బిళ్ళనే. ప్రాణం దక్కింది. మూత్రపిండాలు మాత్రం పూర్తిగా పూర్వస్థితికి రాలేదు.

శ్రీకాకుళం ఉద్దానంలో ఏళ్ళ తరబడి వేధిస్తున్న మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. అక్కడ నొప్పి బిళ్ళల వాడకాన్ని కూడా అనుమానాలలో ఒకటిగా చూశారు. తేలనిదానిని తేలిందని వ్రాయను.

రక్తపోటు సంగతి వచ్చింది గనుక చెబుతాను. కొన్ని రక్తపోటు బిళ్ళలు, మూత్రం ఎక్కువ వచ్చేటందుకిచ్చే బిళ్ళలు, ఈ నొప్పి బిళ్ళ - మూడూ ఒక్క ఒంట్లో కలిస్తే మూత్రపిండాలకు మూడు వైపుల నుండి ముట్టడి. పైగా నొప్పి బిళ్ళ రక్తపోటును పెంచుతుంది కూడా. మధుమేహం ఉన్నవారు, అరవై దాటినవారు, ఇదివరకే మూత్రపిండాలలో తేడా ఉన్నవారు సొంతంగా దీని జోలికి పోరాదు.

గుండె మాట ఆలస్యంగా తెలిసింది. 2004 సెప్టెంబరు 30న వయాక్స్ అనే ప్రసిద్ధమైన నొప్పి మందును దాని కంపెనీయే ప్రపంచమంతటా ఉపసంహరించుకొన్నది, గుండెపోట్లు ఎక్కువైనాయని. కడుపుకు చేటు చేయకుండా వాపును మాత్రమే అణచే మందని దానికి పేరు. ఆ తరువాత పాత మందులనూ పరీక్షించి చూస్తే మన డైక్లోఫెనాక్ ఆ తోవలోనిదే అని తేలింది. 2013లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, వేయిమంది దీనిని పెద్ద మోతాదులో, అంటే రోజుకు 150 మిల్లీగ్రాములు, ఒక ఏడాది వాడితే వాడనివారికంటె ముగ్గురికి అదనంగా గుండె, రక్తనాళాల ప్రమాదం. అందులో ఒకటి మరణం. వేయికి ముగ్గురు అంటే చిన్న లెక్క అనిపిస్తుంది. నంద్యాల పట్టణంలో ఎందరు వాడుతున్నారో ఊహించుకుంటే చిన్నది కాదు. అదే ఏడు ఐరోపా ఔషధ సంస్థ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారికి, గుండె బలహీనమైనవారికి దీనిని ఇవ్వరాదని చెప్పింది.

కడుపు సంగతి అందరికీ తెలిసినదే అనుకుంటాము. తెలిసినదానిలో రెండు పొరపాట్లున్నాయి. సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదని చాలామంది నమ్మకం. ఈ మందు కడుపును చెరిచేది ముఖ్యంగా రక్తం ద్వారానే. బిళ్ళ అయినా సూది అయినా రక్తంలోకే గదా చేరేది. పైగా సరిగ్గా వేయని సూది వల్ల పిరుదుదగ్గర కండ చచ్చి కుళ్ళిన సందర్భాలు, నరం దెబ్బతిని పాదం వేలాడిన సందర్భాలు వైద్యపత్రికలలో చాలా ఉన్నాయి. రెండవ నమ్మకం, పక్కన 'గ్యాస్ బిళ్ళ' వేసుకుంటే సర్వం క్షేమమని. అది కడుపులో పుండు పడకుండా చాలావరకు కాపాడుతుంది, నిజమే. మూత్రపిండానికీ, గుండెకూ అది గొడుగు పట్టదు. మలం తారులాగా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తమో కాఫీపొడివంటి నలుపో కనబడినా, మూత్రం తగ్గి ముఖమో కాళ్ళో ఉబ్బినా, ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా బిళ్ళ మాని ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. తెల్లవారనీ అని ఆగరాదు.

వాడవలసి వస్తే ఎట్లా? వైద్యుడు చెప్పినమీదట, పనిచేసే అతి తక్కువ మోతాదు, అతి తక్కువ రోజులు, అన్నం తిన్న తరువాత. పెద్దలకు సాధారణంగా రోజు మొత్తానికి 150 మిల్లీగ్రాములు దాటదు. అది కూడా అందరికీ కాదు. ఒకచోట ఎసెక్లోఫెనాక్, ఇంకొకచోట డైక్లోఫెనాక్, తలనొప్పికి ఐబుప్రొఫెన్ - మూడు పేర్లతో ఒక్క వంశాన్నే మింగుతున్నామని గుర్తించాలి; రెండు కలపరాదు. సారాయి తాగిన కడుపున అసలే వద్దు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఇది కూడదు. ఆస్పిరిన్‌తో ఉబ్బసం వచ్చేవారికి దీనితోనూ రావచ్చును. గర్భిణులు ఇరవయ్యవ వారం నుండి వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప వాడరాదని 2020లో అమెరికా సంస్థ హెచ్చరించింది; కడుపులో బిడ్డ మూత్రపిండాలకే చేటు గనుక. ఆఖరి మూడు నెలలు బొత్తిగా కూడదు. ఏ జ్వరమో తేలనప్పుడు, ముఖ్యంగా డెంగీ తిరిగే కాలంలో, దీనిని ముట్టక పారాసిటమాల్‌తో సరిపెట్టాలి. డెంగీలో రక్తస్రావం ప్రమాదం ఉన్నది. 2006లో మా అరుగుల మీద ఆ విచారణ చేసినవారు తక్కువ. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ ఉన్న రోజున బిళ్ళ మానవలసిందే.

ఒక మోకాలో, ఒక మణికట్టో నొప్పి అయితే ఇదే మందు పైపూతగా దొరుకుతుంది. చర్మం మీద రాసినదానిలో రక్తంలోకి చేరేది బిళ్ళతో పోలిస్తే సుమారు 6 శాతమే. మా వాళ్ళకు పూత మీద గౌరవం తక్కువ; పూసుకొనేది మందే కాదని వారి సిద్ధాంతం. సూది గుచ్చనిదే వైద్యం కాదు, చేదు లేనిదే మందు కాదు.

నేను చెప్పిన శిల్పి ఇప్పుడు పూత మందు, వేడి కాపడం, గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం - వీటితో నెట్టుకొస్తున్నాడు. ఉలి పక్కన నీళ్ళ కుండ పెట్టుకున్నాడు. వైద్యుడు ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకొమ్మన్నాడు, చేయించుకుంటున్నాడు. రోజుకు ఎనిమిది గంటల పని అయిదు గంటలకు తగ్గింది. ఆ మూడు గంటల కూలి ఇంట్లోకి ఎవరు తెచ్చిస్తారన్న ప్రశ్నకు ఏ వైద్యగ్రంథంలోనూ సమాధానం లేదు. మొన్న కలిసినప్పుడు గరుడ విగ్రహం చెక్కుతున్నాడు. ముక్కు దగ్గర ఆగి, "రాబందు ముక్కు ఎట్లుంటుందో మా పిల్లోల్లకు తెలీదు సార్, బొమ్మలో సూపియ్యాల్సి వచ్చె" అన్నాడు.

నల్లమల అంచు ఊళ్ళలో, అహోబిలం, రుద్రవరం వైపు, ఈ మధ్య కాలంలో రాబందును కళ్ళారా చూసిన మిత్రులెవరైనా ఉంటే ఏ ఊరో, ఏ నెలలోనో వ్యాఖ్యలో తెలియజేయగలరు. అట్లే మీ ఊరి పశువుల ఆసుపత్రిలో కుంటే గొడ్డుకు ఇప్పుడు ఏ సూది వేస్తున్నారో కూడా కనుక్కొని వ్రాయండి.